కడగని రాయి

తార్నాక చౌరస్తాలో నిలబడి ఎంత వెతికినా అది కనిపించదు. మెట్రో స్తంభాల మీద ఉండదు, ఫ్లైఓవర్ గోడల మీద ఉండదు, ఆ పొగలో బతకలేదు. యూనివర్సిటీ గేటు దాటి, బండ్ల మోత సన్నబడి, పాత హాస్టళ్ళ వెనక గుండురాళ్ళు మొదలయ్యాక అక్కడక్కడా కనబడుతుంది. ఎండ బాగా తగిలే రాయి మీద, పిట్టలు వాలే చోట, ఎవరో పసుపు నీళ్ళు చిలకరించి మరిచిపోయినట్టు ఒక మరక. గోటితో గీకితే రాదు. నమూనా కావాలంటే ఉలి పెట్టి రాయితో సహా చెక్కుకోవాలి.

దాని పేరు కాలోప్లాకా. అందమైన పలక అని అర్థమట. ఒక శిలీంధ్రమూ ఒక నాచూ కలిసి పెట్టుకున్న కాపురం అది. శిలీంధ్రం ఇల్లు కడుతుంది, నాచు వంట చేస్తుంది. ఇలాంటి జంటల్ని లైకెన్లు అంటారు. బిర్యానీలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే, కానీ అది ఆకులా లేచి ఉంటుంది కాబట్టి ఊడివస్తుంది. నాది అంటుకుపోయే రకం. ఈ మధ్య పండితులు ఈ ప్రజాతిని ఉమ్మడి కుటుంబంలో వాటాలు పంచినట్టు ముక్కలు చేసి కొత్త పేర్లు పెట్టారు. నేను మాత్రం పాత పేరే పిలుస్తాను. నా మొండితనం గురించి మా డిపార్ట్‌మెంట్‌లో అందరికీ తెలుసు.

పీహెచ్‌డీలో నా పని చెబితే చుట్టాలు నవ్వేవాళ్ళు. ఏటా వానలు వెళ్ళాక రాయి మీద పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు పరిచి, సన్న పెన్నుతో ఆ మచ్చల అంచులు గీసుకోవాలి. పోయినేటి గీతకూ ఈ ఏటి గీతకూ మధ్య ఎంత జరిగిందో చూడాలి. గోరు మందంలో ఎన్నో వంతు జరిగితే అది గొప్ప సంవత్సరం. మొదట్లో నాకు చాలా రాళ్ళుండేవి. ఒకటి కొత్త హాస్టల్ పునాదిలో కలిసిపోయింది. ఒకదాని మీద పోస్టర్లు అతికించారు. ఒకదాని పక్కన ఎండుటాకులు పోగేసి తగలబెట్టారు. చివరికి నీళ్ళ ట్యాంకు వెనక రోడ్డు పక్కనున్న ఒక్క రాయి మిగిలింది. దాని మీద నాలుగేళ్ళ గీతలున్నాయి. ఐదోది ఆ నవంబరులో గీయాలి. ఐదో గీత లేకపోతే ఆ అధ్యాయం లేదు, ఆ అధ్యాయం లేకపోతే థీసిస్ లేదు. గడువు ఇంకోసారి పొడిగించేది లేదని ఆఫీసులో ముఖం మీదే చెప్పేశారు.

అప్పుడు మేము, అంటే అమ్మా నేనూ, మాణికేశ్వర్ నగర్‌లో ఒక గదీ వంటిల్లూ ఉన్న వాటాలో ఉండేవాళ్ళం. ఇప్పుడూ అక్కడే ఉన్నాం. అమ్మ హబ్సిగూడలో ఒక టిఫిన్ సెంటర్‌లో చట్నీలు నూరే పని చేస్తుంది. తెల్లవారకముందే వెళ్ళి మధ్యాహ్నానికి వస్తుంది. ఆదివారం మాత్రం పని మానేసి బస్తీలోని చర్చికి పోతుంది. అక్కడ ముందు వరుసలో నిలబడి పాట ఎత్తుకునేది అమ్మే. ఆ గొంతు అమ్మమ్మ దగ్గర్నుంచి వచ్చిందట. అమ్మమ్మ మీదికి ఏటా బోనాలప్పుడు ఊళ్ళో అమ్మవారు వచ్చేది. అమ్మ మాత్రం పెళ్ళయ్యాక నాన్న వాళ్ళతో చర్చికి మారిపోయి బొట్టూ పసుపూ వదిలేసింది. మా ఇంట్లో పసుపు కూరలోకే.

ఒకసారి రాతిముక్క ఇంటికి తెచ్చి, దాని మీద పొటాష్ ద్రావణం ఒక్క చుక్క వేసి అమ్మకు చూపించాను. పసుప్పచ్చని మచ్చ చూస్తూండగానే ఎర్రబడింది.

"పసుపుల సున్నం కలిపితె గిట్లనే అయితది గదనే. గిందుకు గిన్నేండ్లు సదువాల్నా?" అంది అమ్మ. నేను నవ్వి ఊరుకున్నాను.

ఆ ఏడు ఆషాఢంలో తనిఖీ కమిటీ ఒకటి వస్తోందని క్యాంపస్ అంతా హడావిడి. ఎప్పుడూ లేనిది ఫుట్‌పాత్‌లు కడిగారు, చెట్ల మొదళ్ళకు సున్నమూ జాజూ పూశారు. తర్వాత రోడ్డు పక్క రాళ్ళ మీద పడ్డారు. రాయి కనబడితే చాలు తెల్లగా సున్నం కొట్టడం, దాని మీద పచ్చరంగుతో పరిశుభ్రత గురించి ఒక నీతి వాక్యం రాయడం. నీళ్ళ ట్యాంకు దాకా వచ్చారని తెలిసి నేను పరుగున మెయింటెనెన్స్ ఇంజనీరు దగ్గరికి పోయాను.

ఆయన నా మాట శాంతంగానే విన్నాడు. అదే నాకు మరీ మండింది.

"రాయికి సున్నమేస్తె రాయికేమైతదమ్మా?" అన్నాడు.

"రాయికి కాదు సార్, రాయి మీద ఉన్నదానికి."

"రాయి మీద ఏమున్నది? నాచే గదా. కమిటీ నాచు చూస్తె నన్ను అడుగుతది, నిన్నడగదు. మీ మేడంతోని లెటర్ తీస్కరా, రిజిస్ట్రార్ సంతకం పెట్టిచ్చుకో. రేపు పొద్దుగాల ఆ లైన్ అయిపోతది. ఆలోపల తెస్తె సూద్దాం."

మా మేడం ఊళ్ళో లేరు. ఫోన్ కలిసింది కానీ, "ఇప్పుడే ట్రేస్ చేసేసుకో" అన్నారు. వానలు ఇంకా పట్టుకోలేదు, ఇప్పుడు గీస్తే పోయినేటి గీతే మళ్ళీ వస్తుందని ఆవిడకూ తెలుసు. ఎండాకాలమంతా అది ప్రాణం బిగబట్టుకుని ఉంటుంది, తడి తగిలాకే కదులుతుంది. "చూడమ్మా, ఏదో ఒకటి" అని పెట్టేశారు. ఆఫీసులో సంతకం పెట్టాల్సిన మనిషి కమిటీ పనిలో ఉన్నాడన్నారు. మర్నాడు రమ్మన్నారు.

సాయంత్రం ఇంటికొచ్చి గిన్నెల మీద కోపం చూపించాను. అమ్మ బెండకాయలు కోస్తోంది. చెప్పిందే చెప్పి, తిట్టిందే తిట్టి, చివరికి అన్నాను, "గదే రాయికి ఇంత పసుపు కుంకుమ పెట్టి ఉంటె, ఒక్కడన్న చెయ్యేస్తుండెనా? సదువుకున్న పిల్ల చెప్తె ఇనరు."

అమ్మ తల ఎత్తలేదు. "ఏ రాయి? నేను ఆడికొచ్చి నీకు అన్నం డబ్బా ఇచ్చిన, గా రాయేనా?" అని మాత్రం అడిగింది. అవునన్నాను. బెండకాయలు తాలింపులో వేసింది. నేను తినకుండా పడుకున్నాను.

నిద్ర పట్టేసరికి బాగా ఆలస్యమైంది, లేచేసరికి అమ్మ పనికి వెళ్ళిపోయింది. ముఖం కూడా సరిగా కడుక్కోకుండా క్యాంపస్‌లోకి పరుగెత్తాను. రోడ్డుకు అటూ ఇటూ రాళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. ట్యాంకు మలుపు తిరిగితే, సున్నం బకెట్ల దగ్గర కూర్చుని పనివాళ్ళు చాయ్ తాగుతున్నారు. నా రాయికి సున్నం లేదు. దాని ముఖాన పసుపు, పసుపులో కుంకుమ బొట్లు, ముందర ఒక నిమ్మకాయా వేపరెమ్మా.

"గీ ఒక్కటి ఇడిసినం మేడమ్," అన్నాడు వాళ్ళలో పెద్దాయన. "అమ్మవారి రాయి. నిన్న సూసుకోలే. మాకెందుకు గా పాపం?"

నాకు నవ్వొచ్చింది. అమ్మ పనే, సందేహం లేదు. చర్చిలో పాట ఎత్తుకునే మనిషి తెల్లవారకముందే వచ్చి నాకోసం ఈ పని చేసిందా అనుకున్నాను. దగ్గరికి వెళ్ళాను. రాయి తడిగా ఉంది. నున్నగా కూడా ఉంది. పసుపు పక్కన, బొట్ల మధ్య, రాతి మీద తెల్లని గీరలు. ఇనుముతో గీకిన గీరలు. నేను నాలుగేళ్ళు గీసుకున్న మచ్చలు ఆ ముఖం మీద ఒక్కటీ లేవు.

అక్కడే కూలబడ్డాను. పనివాళ్ళు నేను మొక్కుతున్నానని అనుకుని మాటలు తగ్గించారు.

అమ్మ వచ్చేదాకా గుమ్మంలోనే కూర్చున్నాను. సంతోషంగా వచ్చింది. "ఏసిన్రా సున్నం?" అంది.

"ఎందుకు కడిగినవ్?"

"అంటె?"

"రాయిని ఎందుకు కడిగినవ్ అమ్మా?"

"కడగకుంట పసుపెట్ల పెడ్త?" అమ్మకు నా ప్రశ్నే అర్థం కాలేదు. "మా అమ్మ ఎన్నడన్న కడగని రాయికి పసుపు పెట్టిందా? మురికి మీద పెడ్తె దొంగ పసుపని సూడంగనే తెలుస్తది. ఎంత గట్టి మురికనుకున్నవ్? పీచుకు పోలే. అట్లకాడ తీస్కొని గీకిన. సూడు, చేతులు బొబ్బలెక్కినయ్."

అరచేతులు చాపి చూపించింది. నిజంగానే బొబ్బలెక్కాయి. నేను ఆ చేతుల్ని చూసి కూడా అరిచాను. అది మురికి కాదని, అదే నా చదువని, నాలుగేళ్ళని, అది బతికి ఉన్నదని, నువ్వు చంపేశావని. పక్కవాటాలవాళ్ళు తలుపులు తీసి చూశారు. అమ్మ చేతులు మెల్లగా కొంగులోకి లాక్కుంది.

"పాణమున్నదని నాకు ఎన్నడన్న చెప్తివా?" అంది. ఆ తర్వాత ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కోపం మాత్రం దిగలేదు.

సాయంత్రం ఇద్దరం కలిసి వెళ్ళాం. రాయి వెనకవైపు ముళ్ళపొదలోకి తిరిగి ఉంటుంది. పొదను కర్రతో పక్కకు లాగి చూస్తే మూడు మచ్చలు మిగిలి ఉన్నాయి. అమ్మకు చెయ్యి అందక వదిలేసింది. మూడింటికీ పాత గీతలున్నాయి. మూడు చాలు. అరకొరగానైనా అధ్యాయం నిలబడుతుంది. అమ్మ వంగి వాటిని చాలాసేపు చూసింది, ముట్టుకోకుండా.

"ఇవి మిగిల్తె నీ పని అయితదా?"

"అయితది."

"నవంబర్ దాక?"

"వానలన్నీ పోవాలె."

సరేనంది. ఆ రోజు నుంచి మేము సరిగా మాట్లాడుకోలేదు. అన్నం పెట్టేది, తినేదాన్ని.

కమిటీ వచ్చింది, పోయింది. కానీ ఆషాఢమాసంలో, బోనాల రోజుల్లో, పసుపు పెట్టిన రాయి ఊరికే ఉండదు. బస్తీ నుంచి క్యాంపస్ దారిన పనులకు పోయే ఆడవాళ్ళు చూశారు. ఒకరు అగరొత్తి పెట్టారు, ఒకరు కొబ్బరికాయ కొట్టారు. ఎవరో కొత్తగా వెలిసిందన్నారు. ఎవరో పాతదే, మనమే మరిచిపోయామన్నారు. నేను రోజూ పొద్దునా సాయంత్రం వెళ్ళి వెనక్కి చూసి వచ్చేదాన్ని. పొద ఉన్నంతకాలం భయం లేదనుకున్నాను.

ఒక ఆదివారం వెళ్ళేసరికి పొద లేదు. నరికి పక్కన పడేశారు. పది పన్నెండుమంది ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు మోసుకొస్తున్నారు. ఒక డబ్బాలో సున్నం కలిపి ఉంది, పళ్ళెంలో పసుపు ముద్ద. బస్తీలో అందరూ పెద్దమ్మా అని పిలిచే ముసలామె కొంగు నడుముకు చెక్కి, చేతిలో ఇటుకముక్క పట్టుకుని రాయి వెనక నిలబడింది. మచ్చల వంకే చూస్తోంది.

"పెద్దమ్మా, ఎనక వద్దు," అన్నాను.

"ఎందుకొద్దు బిడ్డా? ముందల కడిగి ఎనక మురికి ఉంచుతమా? నువ్వు ముందల ఒక్కదిక్కే తానం జేస్తవా?" అందరూ నవ్వారు. "అమ్మకు బోనమెత్తుతున్నం. రాయి నాలుగు దిక్కుల తెల్లగ కావాలె, ఆ మీద పసుపు."

ఏం చెప్పాలి? ఇది అమ్మవారు కాదు, మా అమ్మ పెట్టిన పసుపు అని చెప్పనా? వాళ్ళు పొద్దుటి నుంచీ ఉపవాసమున్నారు. వాళ్ళ ముఖాలు చూస్తే ఆ మాట నోట్లోంచి రాలేదు. పైగా కమిటీ పోయినా సున్నాల పని ఆగలేదు, అమ్మవారు కాదని తేలితే మర్నాడే సున్నం బకెట్లు వచ్చేస్తాయి. లైకెన్ అని చెప్పనా? ఇంజనీరుకే అర్థం కానిది. "ఒక్క నాలుగు నెలలు, ఒక్క నాలుగు నెలలు ఆగున్రి" అని పిచ్చిదానిలా అంటూనే ఉన్నాను. పెద్దమ్మ నన్ను పక్కకు జరిపింది. కోపంగా కాదు, చిన్నపిల్లను జరిపినట్టు. బిందెలోంచి నీళ్ళు గుప్పిలితో తీసి మొదటి మచ్చ మీద చల్లింది. ఇటుకముక్క ఎత్తింది.

అప్పుడు అమ్మ వచ్చింది. చర్చి నుంచి నేరుగా వస్తోంది. ఉతికిన తెల్లచీర, చంకలో బైబిలు. నన్ను చూసింది, పెద్దమ్మ చేతిని చూసింది. బైబిలు తెచ్చి నా చేతిలో పెట్టింది. అమ్మ వేళ్ళు చల్లగా ఉన్నాయి.

పెద్దమ్మకూ రాయికీ మధ్యకు వెళ్ళి, వీపు మచ్చలకు ఆనించి నిలబడింది. ముడి విప్పేసింది. జుట్టు ముఖం మీద పడింది. ముందు భుజాలు వణికాయి, తర్వాత ఒళ్ళంతా. గొంతులోంచి ఒక కేక వచ్చింది. ఆ కేక నేను పుట్టినప్పటి నుంచీ వినలేదు. చెట్టు మీద పిట్టలు లేచిపోయాయి.

ఆడవాళ్ళు బిందెలు దించారు. "గీమె చర్చికి పోయే ఆమె గదే," అని ఎవరో గుసగుసగా అన్నారు. "చర్చికి పోయే ఆమె మీదికే వచ్చిందంటె..." అని ఇంకెవరో అంటూండగా పెద్దమ్మ ఇటుకముక్క వదిలేసి చేతులు జోడించింది.

"ఎవ్వరు తల్లీ నువ్వు? పోచమ్మవా, మైసమ్మవా, ఎల్లమ్మవా?"

"పేరు నీకెందుకే? పేరు చెప్తెనే మొక్కుతవా?"

"తప్పైంది తల్లీ. ఏం తక్కువైంది, చెప్పు."

"నా ఎనక పసుపు ఎవ్వరు పెట్టిన్రు?"

పెద్దమ్మ తొంగి చూసింది. అమ్మ వీపు పక్క నుంచి తడిసిన మచ్చ కనబడుతోంది. తడి తగిలితే దాని రంగు నిండుగా తేలుతుంది. "ఎవ్వరు పెట్టిన్రు తల్లీ?" అంది.

"ఎవ్వరు పెట్టలే. నేను పెంచుకుంటున్న. ఏండ్లకేండ్లు, ఒక్కదాన్నే పెంచుకుంటున్న. మీరు ఒక్క పూటల గీకేస్తరా?"

"గీకం తల్లీ."

"నీళ్ళు పొయ్యొద్దు. సున్నమెయ్యొద్దు. ఇటుక తాకియ్యొద్దు. వాన పడ్తది, ఎండ కొడ్తది. నాకు గది చాలు."

"చాలు తల్లీ, చాలు. నువ్వు శాంతించు."

బిందెల్లో నీళ్ళు అమ్మ పాదాల మీద పోశారు. పసుపు ముద్ద అమ్మ కాళ్ళకు రాశారు. అమ్మ ఒక్కసారిగా వాలిపోయింది. నేను పట్టుకున్నాను. ఆ వణుకు నా చేతుల్లో చాలాసేపు ఉంది. చుట్టూ అందరూ మొక్కుతున్నారు. ఒక చేత్తో అమ్మనూ ఒక చేత్తో బైబిలునూ పట్టుకుని నేను భయపడ్డాను. రాయికోసం కాదు. ఆ క్షణంలో రాయి నాకు గుర్తు లేదు.

ఇంటికొచ్చాక అమ్మ కాళ్ళు కడిగాను. పసుపు గోళ్ళ దగ్గర పోలేదు. "ఎందుకమ్మా?" అన్నాను. నీళ్ళడిగి తాగి పడుకుంది.

పై ఆదివారానికల్లా బస్తీ అంతా పాకిపోయింది. చర్చిలో ప్రార్థన ముగిశాక పాస్టరుగారు అమ్మను పక్కకు పిలిచారు. చెడ్డ మనిషి కాదు, నెమ్మదిగానే అడిగారు. "అది నటన అని అందరి ముందర ఒక్క మాట చెప్పమ్మా, అయిపోతది" అన్నారట. అమ్మ చెప్పలేదు. నిజమనీ చెప్పలేదు. నటన అంటే పాదాలు కడిగిన ఆడవాళ్ళ ముఖం ఎలా చూస్తుంది, రాయి ఎలా మిగులుతుంది? నిజమంటే చర్చి పోతుంది. ఇంక పాట ఎత్తుకోవద్దని ఎవరూ అనలేదు. అమ్మే వెళ్ళి చివరన, చెప్పులు విడిచే చోటి పక్కన కూర్చోవడం మొదలుపెట్టింది. ముందు వరుసలో ఇంకొకామె పాడుతోంది. శ్రుతి ఎప్పుడూ కలవదు.

నేను కాలేజీలో చేరినప్పటి నుంచీ చర్చికి పోవడం మానేశాను. ఇవన్నీ పక్కింటామె చెబితే తెలిశాయి.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. రాయి ముందువైపు దీపాలు, కొబ్బరి చిప్పలు. వెనకవైపు ఎవరూ చెయ్యి పెట్టలేదు. చిన్నపిల్లలు పొరపాటున అటు పోయినా పెద్దమ్మ కేకలేసి వెనక్కి పిలిచేది. నవంబరు వచ్చింది. షీటు తీసుకుని వెళుతుంటే అమ్మ కూడా వస్తానంది. షీటు కదలకుండా రెండు మూలలు పట్టుకుంది. రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుని గీశాను. మూడింటిలో రెండు మచ్చలు పాత గీత దాటాయి. పెద్దమ్మ నీళ్ళు చల్లిన మచ్చ మాత్రం పాత గీత దగ్గరే ఉంది, చావలేదు.

"పెరిగిందా?" అంది అమ్మ.

"పెరిగింది."

"ఎంత?"

చూపుడువేలు గోరు అంచు చూపించాను. అమ్మ చిన్నగా నవ్వింది. చాలా నెలల తర్వాత ఆ నవ్వు.

షీటు చుట్టేశాక ఇంక ఆగలేకపోయాను. "అయిపోయింది అమ్మా. నా పని అయిపోయింది. ఇగ రాయికి ఏమైనా పర్వాలేదు. ఈ ఆదివారం చర్చిల చెప్పెయ్. నా బిడ్డ కోసం నటించిన అని చెప్పెయ్. మళ్ళ ముందల నిలబడి పాడు."

అమ్మ రాయి వంక చూసింది. దూరంగా పెద్దమ్మ దీపం వెలిగించుకుంటోంది.

"నటించిన అని నీకెవ్వరు చెప్పిన్రు?" అంది.

పెన్నుకు మూత పెడుతున్న నేను ఆగిపోయాను.

"ముడి ఇప్పిందాక నేనే బిడ్డా. ఆడ నువ్వు ఏడ్సుకుంట నిలబడితె సూడలేకపోయిన, అందుకే ఇప్పిన. ఆ తర్వాత మా అమ్మ గొంతు ఇనవడ్డది. నా నోట్లకెల్లే ఇనవడ్డది. గది ఏందో నాకు తెల్వదు. తెల్వనిదాన్ని దేవుని ముందల అబద్ధమని ఎట్ల చెప్త?"

కొంగుతో షీటు మీద మట్టి తుడిచి నా చేతికిచ్చింది. ఇద్దరం బస్తీ దారి పట్టాం.

ఆ ఆదివారం అమ్మతోపాటు నేనూ చర్చికి పోయాను. చెప్పులు విడిచే చోటి పక్కన, అమ్మను ఆనుకుని కూర్చున్నాను. పాట మొదలైనప్పుడు అమ్మ పెదవులు కదిలాయి, గొంతు రాలేదు. నాకు పాడటం రాదు. అయినా పాడాను, అమ్మకు వినబడేంత గట్టిగా.